ఇంటర్వెల్ దాకా రసికులు

ఆమెను ఊళ్ళో అందరూ చెల్లెమ్మ అనేవారు. సొంత అన్నయ్య తన చెల్లెలు కాబట్టి అలా పిలిచాడు. ఆయన్ని చూసి వాళ్ళ మందుల షాపుకి వచ్చేవాళ్ళు పిలిచారు. వాళ్ళని చూసి పోస్ట్‌మాన్, పేపరువాడు, చివరికి ఊతకర్ర మీద ఒరిగి దగ్గుమందు కోసం వచ్చే పళ్ళూడిన ముసలాయన కూడా "చెల్లెమ్మా, ఆ ఎర్ర సీసా ఇటివ్వమ్మా" అనేవాడు. యాభైకి దగ్గర పడుతున్న ఆ మనిషికి ఊరినిండా అన్నలే. వానలో గొడుగు పట్టిన అన్న మాత్రం ఒక్కడూ లేడు.

తండ్రి పోయిన ఏడాది ఆమె కాలేజీలో ఉంది. అన్నయ్య వచ్చి, "ఒక్క ఆర్నెల్లు కౌంటర్లో కూర్చో చెల్లెమ్మా, ఈలోగా మనిషిని చూస్తాను" అన్నాడు. ఆ మనిషి ఇప్పటికీ దొరకలేదు. పగలు షాపులో మాత్రల అట్టలు కత్తిరించి కవర్లో వేయడం, సాయంత్రం మేడమీద వదినకి వంటలో సాయం చేయడం, రాత్రి అన్నయ్యగారి చొక్కాలకి గుండీలు కుట్టడం. ఇదీ ఆమె జీవితం. దీనికి తోడు సంఘం ఒకటి వచ్చి పడింది.

సంఘం పేరు నాటకాభిమాన సంఘం. అధ్యక్షుడు ఆమె అన్నయ్యే. ఆయనకి నాటకమంటే ప్రాణమని అందరికీ తెలుసు, ఎందుకంటే అందరికీ ఆయనే చెప్పాడు. ఉపాధ్యక్షుడు పళ్ళ డాక్టరు. ఎదుటివాడు నోరు తెరుచుకుని మాట్లాడలేని స్థితిలో ఉండగా తాను మాట్లాడడం ఆయనకి వృత్తిలో అబ్బిన అలవాటు, మీటింగుల్లోనూ అది మానలేదు. కార్యదర్శి కోర్టులో పనిచేసి రిటైరైన గుమాస్తా. ఏ సంగతి వచ్చినా "రూలు ప్రకారం" అని మొదలుపెట్టేవాడు. ఆ రూలేమిటో ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. మిగతా సభ్యులంతా వీళ్ళు తల ఊపినప్పుడు తల ఊపడానికి చేరినవాళ్ళు.

సంఘానికి మూడు పనులు. నెలకోసారి బస్సు కట్టించుకుని పక్క పట్నానికి మధ్యాహ్నం ఆట చూడ్డానికి వెళ్ళడం మొదటిది. దానికి రసయాత్ర అని పేరు. రెండోది ఏటా అవార్డులివ్వడం. మూడోది ఒక పేద విద్యార్థికి చదువు ఖర్చు పెట్టుకోవడం.

రసయాత్రలో రసం సంగతేమో గాని యాత్ర బాగానే జరిగేది. థియేటరు పక్క వీధిలో ఒక హోటలుంది. సాయంత్రం అయిదులోపు వచ్చిన వాళ్ళకే ఆ హోటలువాడు కిటికీ పక్కనున్న పెద్ద బల్ల ఇచ్చేవాడు. నాటకం అయ్యేదాకా ఉంటే ఆ బల్ల ఇంకెవరికో పోతుంది. మొదట్లో ఒకసారి, పోనీ ఈ ఒక్కసారికీ అనుకుని ఇంటర్వెల్లో లేచొచ్చేశారు. తర్వాతి నెలా అలాగే వచ్చేశారు. కొన్నాళ్ళకి అది ఆచారమైంది, ఇంకొన్నాళ్ళకి సిద్ధాంతమైంది.

"అన్నం ఉడికిందో లేదో చూడాలంటే కుండంతా తినాలిటయ్యా? ఒక్క మెతుకు పట్టుకుంటే చాలదూ?" అనేవాడు అధ్యక్షుడు. "మొదటి సగం చూస్తే నాటకం నాడి దొరికిపోతుంది. రెండో సగం పామరుల కోసం."

సభ్యులు ఆహా అనేవారు. ఆ ఆహాలన్నీ హోటలు బల్ల దగ్గరే. అక్కడ మాత్రం ఒక్క మెతుకుతో సరిపెట్టుకున్న రసికుడు ఒక్కడూ లేడు. అక్కడ కుండంతా కావాలి.

సంఘం పుట్టిన దగ్గర్నించీ వాళ్ళెవరూ ఏ నాటకమూ ముగియగా చూడలేదు. హంతకుడెవరో వాళ్ళకి తెలియదు, తప్పిపోయిన బిడ్డ దొరికిందో లేదో తెలియదు. తెలియదన్న బాధా లేదు. పైగా అవార్డుల్లో మొట్టమొదటిది ఉత్తమ ప్రేక్షకుడు అవార్డు. అది ఎక్కువసార్లు అధ్యక్షుడికే వచ్చేది. ఆ గాజు ఫలకాలన్నీ షాపులో పిల్లల పాలపొడి డబ్బాల పై అరలో వరసగా ఉండేవి. రోజూ వాటి దుమ్ము తుడిచే పని చెల్లెమ్మది.

ఆమె పరిస్థితి మరీ అన్యాయం. వాళ్ళు సగం చూసేవారు, ఆమె పావే చూసేది. హోటల్లో బల్ల తుడిచారా లేదా, గ్లాసులు పెట్టారా లేదా చూడ్డానికి ఇంటర్వెల్‌కి చాలా ముందే చీకట్లో వంగి వంగి బయటికి రావాలి. బస్సెక్కేటప్పుడూ దిగేటప్పుడూ తలలు లెక్కపెట్టడం కూడా ఆమె పనే. "అందరూ వచ్చారన్నయ్యా" అని ఆమె అంటేనే డ్రైవరు బండి తీసేవాడు. ఆమె వచ్చిందో లేదో చూసే పని ఎవరికీ ఇవ్వలేదు.

అది ఒకనాడు బయటపడింది. అంటే బయటపడలేదు, అదే చిత్రం.

ఆరోజు హోటలు వంటింట్లో నీళ్ళ గొట్టం పగిలి హోటలు మూసేశారు. భోజనాలు పొట్లాలు కట్టించి బస్సులో పెట్టించారు. చెల్లెమ్మకి ముందుగా వెళ్ళే పని తప్పింది. ముందు వరసలో చివరి కుర్చీలో కూర్చుంది. నాటకం ఒక గడియారాలు బాగుచేసే ముసలాయన కథ. ఆయనకి ఇద్దరు అల్లుళ్ళు. పెద్దల్లుడు కాళ్ళు పడతాడు, మందిస్తాడు, మామగారి ఎదుట కుర్చీలో కూర్చోడు. చిన్నల్లుడు గుమ్మం కూడా ఎక్కడు, వీధిలో నిలబడి "నీ డొక్కు గడియారాలు నువ్వూ" అని తిట్టిపోతాడు. ఇంటర్వెల్ అయింది. సభ్యులందరూ పొట్లాలు చల్లారిపోతాయని పరుగెత్తారు. చెల్లెమ్మ లేవలేదు. జీవితంలో మొదటిసారి ఎవరూ ఏ పనీ చెప్పలేదు, అంచేత కూర్చుంది. నాటకం మళ్ళీ మొదలైంది.

తెర పడ్డాక కళ్ళు తుడుచుకుని బయటికి వస్తే బస్సు లేదు. లెక్కపెట్టే మనిషి లేకపోతే లెక్కే అక్కర్లేదనుకున్నారు కాబోలు, డ్రైవరు అడగలేదు, వీళ్ళు చెప్పలేదు. మామూలు బస్సులో, చేపల బుట్టల పక్కన నిలబడి ఊరికొచ్చింది. మేడ మెట్లెక్కుతుంటే వదిన పైనుంచి తొంగిచూసింది.

"షాపు కట్టేశావా? తాళాలు తెచ్చావా?" అంది.

బస్సు దిగి ఆమె తిన్నగా షాపుకి వెళ్ళిందనుకున్నారు. అన్నయ్య అప్పటికే నిద్రపోతున్నాడు. చెల్లెమ్మ "ఆఁ" అంది. ఆ ఒక్క "ఆఁ"తో ఆ సంగతి ముగిసింది. మీరు నన్ను మరిచిపోయారు అని చెప్పడానికి ఆమెకే సిగ్గేసింది. మరిచిపోయిన వాళ్ళకి లేని సిగ్గు, మరుగునపడ్డ మనిషికెందుకో!

అవార్డుల కమిటీ మేడమీద గదిలో కూర్చున్న రోజున ఆమె టీ పట్టుకెళ్ళింది. ఈ ఏడు ఉత్తమ సాత్విక పాత్ర అవార్డు ఎవరికివ్వాలన్నది చర్చ.

"ఇంకెవరికండీ! ఆ పెద్దల్లుడికే" అన్నాడు పళ్ళ డాక్టరు. "ఏమి వినయం, ఏమి సేవ! నా అల్లుడున్నాడు, పన్ను పీకించుకోడానికి తప్ప నా మొహం చూడడు."

"ఇలాంటి అల్లుడు ఇంటికొకడుండాలి" అన్నాడు అధ్యక్షుడు. ఆ మాటే ఉపన్యాసంలో వాడుకోవాలని మనసులో దాచుకున్నాడు కూడా.

పెద్దల్లుడి సంగతి ఆమెకి తెలుసు. నోరు విప్పితే అందరూ తనవైపు చూస్తారు, నీకెలా తెలుసంటారు, ఆ బస్సు సంగతి వస్తుంది. బిస్కెట్లు బల్లమీద పెట్టి వచ్చేసింది. ఇంతమంది గొప్పవాళ్ళు తెలియక తప్పు చేస్తుంటే, ఆమె తెలిసి మౌనంగా ఉంది. ఆ లెక్కన చూస్తే తెలియనివాళ్ళే కాస్త నయం.

గాజు ఫలకం చెక్కించారు. పేపర్లో వేయించారు. ఆ తర్వాతే పేద విద్యార్థి ఎంపిక వచ్చింది.

ఇద్దరు మిగిలారు. ఒకడు కార్యదర్శిగారి మనవడు. వాడు పేదవాడెలా అయ్యాడంటే, రూలు ప్రకారం వాడి పేరున ఏ ఆస్తీ లేదు. రెండోది వెనకవీధిలో పుస్తకాలు బైండింగు చేసే ఆయన కూతురు. ఆ పిల్లకి రంగస్థలం మీద లైట్లు వేసే చదువు చదవాలని. సీటు కూడా వచ్చింది. నెలాఖరులోగా ఫీజు కట్టకపోతే ఆ సీటు వేరేవాళ్ళకి పోతుంది. తండ్రి చేతులకి జిగురు తప్ప ఇంకేమీ అంటదు.

ఆ పిల్ల వినయానికి పెట్టింది పేరు కాదు. గదిలోకి వస్తూనే నెత్తిమీద వేలాడే బల్బు చూసి, "ఈ బల్బు కింద కూర్చుంటే ఎవరైనా దొంగల్లా కనిపిస్తారు, కొంచెం పక్కకి జరగండి" అంది. ముగ్గురూ జరగలేదు.

"సరేగాని అమ్మాయ్, ఈ ఏడు మా సంఘం అవార్డిచ్చిన గడియారాల నాటకం చూశావా?" అన్నాడు అధ్యక్షుడు.

"చూశానండీ. పై మెట్ల మీద కూర్చుని చూశాను."

"పెద్దల్లుడి పాత్రలో నీకు నచ్చిన సుగుణం ఒకటి చెప్పు."

"సుగుణమా? వాడు దొంగ కదండీ."

గోడవారన మంచినీళ్ళ జగ్గు పట్టుకుని నిలబడ్డ చెల్లెమ్మ తల వంచేసింది.

"దొంగా?" అన్నాడు డాక్టరు. "కాళ్ళు పట్టినవాడు దొంగా?"

"కాళ్ళు పట్టిన చేత్తోనే వేలిముద్ర కూడా వేయించుకున్నాడు కదండీ. మామగారి షాపమ్మేసింది వాడేగా. అసలు మంచివాడు చిన్నల్లుడు."

కార్యదర్శి కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు. "చూడమ్మా, ఆ తిట్టేవాడు మంచివాడని, సేవ చేసేవాడు దొంగని నువ్వంటున్నావు. మేం ముగ్గురం ముందు వరసలో కూర్చుని చూశాం. మాకు కనబడనిది నీకు మెట్లమీంచి కనబడిందా?"

"మీరు చివరిదాకా చూశారా?" అంది పిల్ల.

"నువ్వు మమ్మల్ని ప్రశ్నలడగడానికొచ్చావా, మేం నిన్ను అడగడానికా?" అన్నాడు అధ్యక్షుడు. "ఇంక వెళ్ళు. కబురు చేస్తాం."

పిల్ల లేచింది. వెళ్తూ వెళ్తూ చెల్లెమ్మ వైపు ఒకసారి సూటిగా చూసింది. చెల్లెమ్మ జగ్గులోకి చూసుకుంది.

తలుపు మూసుకోగానే ముగ్గురూ ఒక్కసారే మాట్లాడారు. చూడకుండా చూశానని అబద్ధం, పైగా కథ అల్లడం, ఈ కాలం పిల్లలు, పెంపకం. మనవడి పేరు ఖాయమైపోతుండగా చెల్లెమ్మ గొంతు విప్పింది. ఆ గదిలో ఆమె గొంతు ఎవరూ విని ఉండలేదు, అందుకని మొదట ఎవరు మాట్లాడారా అని అటూ ఇటూ చూశారు.

"ఆ పిల్ల చెప్పింది నిజం అన్నయ్యా. పెద్దల్లుడే అమ్మేశాడు. నేను చూశాను."

"నువ్వెక్కడ చూశావు? నువ్వు మాతో పాటు బస్సులోనే వచ్చావుగా!"

"రాలేదన్నయ్యా. మీరు నన్ను వదిలేసి వచ్చేశారు."

అధ్యక్షుడు కాసేపు ఆలోచించాడు. చెల్లెలు ఒంటరిగా ఎలా వచ్చిందని కాదు. "అయితే ఆరోజు తలలు ఎవరు లెక్కపెట్టారు?" అన్నాడు.

"ఆఁ! అందుకా ఒక పొట్లం మిగిలింది!" అని పళ్ళ డాక్టరు తొడమీద చరుచుకున్నాడు. ఎన్నాళ్ళ నుంచో పీడిస్తున్న అనుమానం తీరినట్టు ఆయన మొహం వెలిగిపోయింది. "నేను అప్పుడే అన్నానండీ, ఒకటి ఎక్కువుందని. పారేయడమెందుకని నేనే తిన్నాను. అది మీదా చెల్లెమ్మగారూ? భలే, భలే."

"పొట్లం ఎవరిదని కనుక్కోవాలని తోచలేదా అండీ?" అంది చెల్లెమ్మ.

"చల్లారిపోతుంది కదమ్మా!" అన్నాడాయన.

కార్యదర్శి గొంతు సవరించుకున్నాడు. "రూలు ప్రకారం, అవార్డు ప్రకటించాక పాత్ర గుణం మారడానికి వీల్లేదు. గాజు మీద చెక్కించేశాం. పేపర్లో వచ్చింది. ఇప్పుడు ఆ పిల్ల మాట ఒప్పని ఒప్పుకుంటే మన అవార్డు తప్పవుతుంది. మన అవార్డు తప్పు కాదు. కాబట్టి ఆ పిల్ల తప్పు."

ఇంత చక్కని తీర్పు ఆయన పనిచేసిన కోర్టులో కూడా ఎప్పుడూ రాలేదు. అన్నయ్య మాత్రం చెల్లెలి మొహం చూసి కాస్త మెత్తబడ్డాడు. ఎవరైనా నొచ్చుకున్నారంటే ఆయనకి తెలిసిన మందు ఒకటే.

"పోనీలే చెల్లెమ్మా. ఈ ఏడు ఉత్తమ సేవ అవార్డు నీకిద్దాం. ఏమంటారు?"

అందరూ ఆహా అన్నారు.

మర్నాడు బైండరు కూతురు తండ్రి కాలిన చేతికి పూత మందు కోసం షాపుకొచ్చింది. మందు తీసుకుంది. కదల్లేదు.

"మిమ్మల్ని ఏమని పిలవాలి?" అంది. "మా నాన్నా చెల్లెమ్మే అంటాడు, మా తాతా చెల్లెమ్మే అనేవాడు. నేను అత్తా అంటాను. అత్తా, ఆరోజు ఇంటర్వెల్ తర్వాత నేను పైనుంచి కిందికి చూస్తే ముందు వరసంతా ఖాళీ. ఆ చివర మీరొక్కరే, బోసినోట్లో ఒంటి పన్నులాగ. అది మీరే కదూ?"

"నేనేనమ్మా."

"మరి నిన్న జగ్గు పట్టుకుని నిలబడ్డారే?"

"చెప్పానమ్మా. నువ్వు వెళ్ళాక చెప్పాను."

"నేను వెళ్ళాకా!" పిల్ల నవ్వింది. ఆ నవ్వు కంటే తిట్టినా బాగుండేది. "పెళ్ళివారు వెళ్ళిపోయాక మేళం పెట్టించినట్టుంది. నేనుండగా ఒక్క మాట అనుంటే, ఇద్దరం కలిసి గట్టిగా అరిచేవాళ్ళం. ఇప్పుడు చెప్పి ఎవర్ని ఉద్ధరించారు?"

"ఏమీ లాభం లేకపోయింది. ఆ అబ్బాయికే ఇస్తున్నారు." చెల్లెమ్మ కౌంటరు గాజు మీద వేలితో గీతలు గీసింది. "నాకు కూడా ఏదో ఇస్తున్నారు."

"ఏమిటి?"

"సేవకి."

"బాగుంది. నాకు చదువు పోయింది, మీకు గాజు ముక్కొచ్చింది" అని పిల్ల చిల్లర అందుకుని మెట్లు దిగిపోయింది. ఆ పూటంతా చెల్లెమ్మ జ్వరం మాత్రలకి బదులు జలుబు మాత్రలు ఇచ్చి రెండుసార్లు మనుషుల్ని వెనక్కి పిలిచింది.

అవార్డుల పండగ ఆదివారం మధ్యాహ్నం మున్సిపల్ హాల్లో. పూలకుండీలు, బ్యానరు, కీచుమనే మైకు. సభ్యులు కుటుంబాలతో వచ్చారు. మిగతా కుర్చీలు నింపడానికి కాలేజీ పిల్లల్ని తోలుకొచ్చారు. కార్యక్రమం అయ్యాక వెనక గదిలో భోజనాలని ముందే చెప్పారు కాబట్టి ఎవరూ మధ్యలో పోలేదు. బైండరు, కూతురు చివరి వరసలో కూర్చున్నారు. పిల్ల రానంటే తండ్రే లాక్కొచ్చాడు, "భోజనమైనా దక్కనీవే" అని.

ఉత్తమ ప్రేక్షకుడిగా మళ్ళీ అధ్యక్షుడే గెలిచాడు. తన పేరు తానే చదివి, తానే ఆశ్చర్యపోయి, డాక్టరు చేతిమీదుగా అందుకున్నాడు. తర్వాత పెద్దల్లుడి వేషం వేసిన నటుడిని పిలిచారు. "ఇలాంటి అల్లుడు ఇంటికొకడుండాలి!" అన్నాడు అధ్యక్షుడు. నటుడు ఫలకం మీది అక్షరాలు చదివి, ఒకసారి అధ్యక్షుడి మొహంలోకి చూసి, వెళ్ళి ముందు వరసలో కూర్చున్నాడు.

తర్వాత ఉత్తమ సేవ.

"చెల్లెమ్మా, రా. సిగ్గుపడకు" అన్నాడు అన్నయ్య మైకులో. పక్కకి వంగి, "ఒక్క నవ్వు నవ్వి దిగిపో, భోజనాలు సిద్ధంగా ఉన్నాయి" అని మెల్లగా అన్నాడు. మైకు ఆ మాట కూడా హాలంతా వినిపించింది.

ఆమె ఫలకం తీసుకుంది. నవ్వలేదు, దిగలేదు. మైకు ఎత్తు తనకి సరిపోక మునివేళ్ళ మీద నిలబడింది.

"మీలో చాలామంది గడియారాల నాటకం సగమే చూశారు" అంది. గొంతు పిల్లిపిల్ల గొంతులా వచ్చింది. "మిగతాది నేను చెప్తాను."

"చెల్లెమ్మా!" అన్నాడు అన్నయ్య.

"ఇంటర్వెల్ అయ్యాక ముసలాయన పొద్దున్నే తాళంచెవి పట్టుకుని షాపుకెళ్తాడు. తాళంచెవి తాళంలోకి వెళ్ళదు. కళ్ళు కనిపించడం లేదనుకుని ఊదుతాడు, తుడుస్తాడు, మళ్ళీ పెడతాడు. తాళమే మారిపోయిందని ఆయనకి ఇంకా తెలియదు. మనకి తెలుసు. పెద్దల్లుడు ముందు రాత్రి కాళ్ళు పడుతూ పడుతూ, నిద్రలో ఉన్న ఆయన వేలు తీసి..."

"అబద్ధం!" అన్నాడు కార్యదర్శి. "రూలు ప్రకారం..."

ముందు వరసలో నటుడు లేచాడు. "అబద్ధం కాదండీ. నేనే అమ్మేశాను" అన్నాడు. హాలంతా గొల్లున నవ్వింది. "చెడ్డవాణ్ణి బాగా వేశానని అవార్డిస్తున్నారనుకుని వచ్చానండీ. దీనిమీద సాత్వికమని చూశాక, ఎవరి ఫలకమో నా చేతికొచ్చిందనుకున్నాను. కానివ్వండమ్మా, మీరు చెప్పండి."

చెల్లెమ్మ చెప్పింది. గుమ్మం ముందు మెట్లమీద కూర్చుండిపోయిన ముసలాయన, వీధిలోకి విసిరేసిన గడియారాలు, వాటిని కాలితో తన్నుకుంటూ పోయే జనం. అప్పుడు చిన్నల్లుడు తోపుడుబండి తోసుకుంటూ వస్తాడు. "నీ డొక్కు గడియారాలు నువ్వూ" అని తిడుతూనే ఒక్కొక్కటీ ఏరి, తుడిచి, బండి మీద పెడతాడు. చివరికి మామగారిని కూడా ఎత్తి గడియారాల మధ్య కూర్చోబెడతాడు. దారి పొడుగునా తిడుతూనే తోస్తాడు. మొహం అటు తిప్పుకుని ఏడుస్తాడు. ఆగిపోయిన గడియారాలు బండి కుదుపులకి ఒక్కొక్కటే కొట్టుకోవడం మొదలుపెడతాయి.

కాలేజీ పిల్లలు కబుర్లు ఆపేశారు. వెనక గదిలో గిన్నెల చప్పుడు ఆగింది, వడ్డించేవాళ్ళు తలుపు దగ్గరకొచ్చి నిలబడ్డారు. పళ్ళ డాక్టరు నోరు తెరుచుకుని విన్నాడు. తన జీవితంలో ఆయన అలా నోరు తెరిచి ఊరుకోవడం అదే మొదలు. చెల్లెమ్మ ఊపిరి తీసుకోడానికి ఆగితే, "తర్వాత? తర్వాతేమైంది?" అన్నాడు కూడా.

"తర్వాత తెర పడింది. అదండీ కథ" అంది ఆమె. "మొన్న మేడమీద ఒక అమ్మాయి ఇదే చెప్పింది. చెప్పినందుకు ఆమెకి స్కాలర్‌షిప్ లేదన్నారు. ఆమె చెబుతుంటే నేను గోడవార నిలబడి ఊరుకున్నాను. ఈ సేవకి నాకు అవార్డెందుకు?" ఫలకం బల్లమీద పెట్టేసి దిగింది. మెట్టు తప్పి పూలకుండీ పట్టుకుంది.

ముందు కాలేజీ పిల్లలు కొట్టారు చప్పట్లు. తర్వాత హాలంతా కొట్టింది.

ఇక్కడ అధ్యక్షుడుగారి గొప్పతనం ఒప్పుకోవాలి. ఆయనకి తప్పొప్పులు తెలియవు గాని చప్పట్లు తెలుసు. ఎప్పుడూ ఆయన మొదలుపెడితే గాని ఆ హాల్లో చప్పట్లు మొదలయ్యేవి కావు. ఈసారి ఆయన లేకుండానే వరదలా వచ్చాయి, ఆగడం లేదు. కాసేపు అవి తన మీదుగా ఎటో పోతుంటే చూశాడు. చూసి, మైకు అందుకున్నాడు.

"మా సంఘం ప్రత్యేకంగా ఏర్పాటు చేసిన ఈ కార్యక్రమం మీకు నచ్చినందుకు సంతోషం!" అన్నాడు. "ఈ ఏడు స్కాలర్‌షిప్‌కి ఆ అమ్మాయినే ఎంపిక చేశామని తెలియజేస్తున్నాను. ఏదమ్మా? ఎక్కడున్నావు? అందరూ మళ్ళీ ఒక్కసారి!"

మళ్ళీ కొట్టారు. కార్యదర్శి ఆయన కోటు అంచు పట్టుకుని లాగాడు. అధ్యక్షుడు ఆ చెయ్యి తీసి పక్కన పెట్టాడు. మనవడు అప్పటికే భోజనాల గదిలో ఉన్నాడు కాబట్టి వాడికి ఈ అన్యాయం తెలియలేదు.

బైండరు కూతురు స్టేజీ మీదికొచ్చి కవరు తీసుకుంది. అక్కడే చింపి లోపల డబ్బు ఉందా లేదా అని చూసుకుంది, "ఉందండీ" అంది. కృతజ్ఞతగా నాలుగు మాటలు చెప్పమంటే, "ఆ పక్క లైటు ఆపేయండి, అందరి మొహాలూ పసరు రంగులో ఉన్నాయి" అని దిగిపోయింది.

భోజనాల దగ్గర పళ్ళ డాక్టరు మొదటి ముద్ద మింగకుండానే అందరికీ చెబుతున్నాడు. "నాకు మొదటి సీన్లోనే అనుమానం వచ్చిందండీ. అంత కాళ్ళు పట్టేవాణ్ణి నమ్మకూడదు." చుట్టూ ఉన్నవాళ్ళు ఆహా అన్నారు. అన్నయ్య చెల్లెలితో మాట్లాడలేదు. వదిన మాత్రం దగ్గరకొచ్చి, "ఇంత పొడుగు నాలిక ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావే?" అని, ఆమె కంచంలో ఇంకో రొట్టె వేసి పోయింది.

పిల్ల కంచం పట్టుకుని వెతుక్కుంటూ వచ్చి చెల్లెమ్మ పక్కన కూర్చుంది. థాంక్స్ చెబుతుందేమోనని చెల్లెమ్మ సిగ్గుపడి తల దించుకుంది.

"బాగానే చెప్పారు గాని అత్తా, ఒకచోట తప్పు చెప్పారు" అంది పిల్ల.

"ఎక్కడమ్మా?"

"చిన్నల్లుడు ఏడవడు. వాడు ఏడిస్తే నాటకం చెడిపోతుంది."

"ఏడ్చాడు. నేను ముందు వరసలో ఉన్నాను. బుగ్గమీద తడి మెరిసింది."

"అది చెమట. ఎడమ పక్కనుంచి పసుపు లైటేశారు, అందుకని మెరిసింది. నేను పైనుంచి ఆ లైటే చూస్తున్నాను."

"లైటు చూస్తూ కూర్చుంటే మనిషెలా కనిపిస్తాడే?" చెల్లెమ్మ గొంతు పెరిగింది. పక్క బల్లవాళ్ళు తిరిగి చూశారు, ఆమె చూడలేదు. "భుజాలు కూడా కదిలాయి."

"బండి తోస్తే భుజాలు కదలవా?"

"బండి తోస్తే ఇలా కదులుతాయి" అని చెల్లెమ్మ కంచం పక్కన పెట్టి, లేచి నిలబడి, లేని బండిని రెండడుగులు తోసి చూపించింది. "ఏడిస్తే ఇలా."

పిల్ల నోట్లో రొట్టెతో ఆలోచించింది. "మళ్ళీ ఒకసారి తోయండి" అంది.